గురువారం మధ్యాహ్నం అరిచే గేరు

గేరు రాడ్డు మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, ఇంజను ఆడుతుండగా ఊపిరి ఒక్కసారి బిగబట్టానంటే చాలు, లోపల ఏ పన్ను అరిగిందో, ఏ బేరింగు ఏడుస్తోందో, క్లచ్చు ప్లేటు ఇంకా ఎన్నాళ్లు బతుకుతుందో చెప్పేస్తాను. ఆదోని, ఎమ్మిగనూరు మధ్య తిరిగే బండ్లలో నా చేతికి నాడి చూపించనిది లేదు. ఒకసారి షెడ్డు ముందునుంచి ఒక లారీ పోతుంటే, టీ గ్లాసు కింద పెట్టకుండానే, "దాని మూడో గేరు నందవరం దాటనీయదు" అన్నాను. దాటనీయలేదు. ఇక ఆదోని అయ్యవారి కారు సంగతి సరేసరి. ఆదోనిలో ఉన్న మెకానిక్కులందరూ చేతులెత్తేసిన జబ్బును నేను కారులో కూర్చున్న మరుక్షణం పట్టుకున్నాను.

ఇట్లా చెబుతుంటాను. చెప్పీ చెప్పీ నాకే నిజమనిపిస్తుంది. ఈ మధ్య మాత్రం చెబుతూ చెబుతూ మధ్యలో అలసట వస్తోంది. అబద్ధం మోయడానికి కూడా ఒంట్లో కాస్త సత్తువ ఉండాలి. అందుకని కొన్ని దించేస్తాను.

ఆ లారీ ఆగిన మాట నిజమే. నందవరంలో కాదు, బళ్లారి అవతల ఎక్కడో. అది కూడా చాలా నెలల తరువాత. ఆగింది గేరు వల్ల కాదు, టైరు పేలి. ఆదోనిలో మెకానిక్కులందరూ అన్నాను గదా, ఇద్దరు. ఇక అరచెయ్యి విద్య. నాకు నడుము వంగదు. బండి కింద దూరితే మళ్లీ బయటికి రావడానికి ఎవరో కాళ్లు పట్టి లాగాలి. షెడ్డు ఇప్పుడు నాది కాదు, నా దగ్గర పని నేర్చుకున్నతనిది. కింద దూరే పని అతనిది, పైన కూర్చుని మాట్లాడే పని నాది. కూర్చున్న చోటు నుంచి చెయ్యి అందేది గేరు రాడ్డు ఒక్కటే. దాని మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంటే చూసేవాళ్లకు గౌరవంగా ఉంటుంది, నాకు కాస్త కునుకు పడుతుంది.

అయ్యవారి కారును ఎమ్మిగనూరులోని మా షెడ్డుకు తెచ్చింది వాళ్ల డ్రైవరు. గోనెగండ్ల పక్క పల్లె మనిషి, నలభై దాటిన వయసు. అమ్మానాన్నలు పత్తి చేలల్లో కూలికి పోయి పెంచారు. ట్రాక్టరు మీద స్టీరింగు నేర్చుకుని, ఆదోని చేరి, అయ్యవారి ఇంట్లో కుదిరాడు. ఇంటి వెనకాల గది ఇచ్చారు. భార్యాపిల్లలు అందులోనే ఉంటారు, పిల్లలు ఆదోని బడిలోనే చదువుతున్నారు. కొలువు పోతే గది పోతుంది, గది పోతే బడి పోతుంది. ఈ సంగతి అతడు చెప్పలేదు. అతడు మాట్లాడే తీరులోనే తెలిసేది. ప్రతి మాటకూ ముందు ఒక్క క్షణం ఆగేవాడు.

"ఏమప్పా, ఏం జబ్బు?" అన్నాను.

"గేరు పడ్తాలేదు మేస్త్రీ. ఫస్టూ, రివర్సూ యేస్తే కరకర అంటాంది. సెకండు గూడా బలంగా తొయ్యాల."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ గాదు. అదే గదా తంటా. పొద్దున బంగారట్ల ఉంటాది. గురువారం మద్యాన్నం మంత్రాలయం నుంచి తిరిగొచ్చేటప్పుడు సచ్చినా పడదు."

"గురువారం గురువారం జరమొచ్చే బండి ఇప్పుడే సూస్తాండాను."

అతడు నవ్వలేదు. "దూరం పొయ్యేది గురువారమే మేస్త్రీ. అయ్యోరు, అమ్మ దర్శనానికి పోతారు. మిగతా దినాలు ఊర్లోనే, పొద్దున పూటే."

గేరు జబ్బు చూడటం పెద్ద విద్యేం కాదు, నేను దాన్ని పెద్దది చేసి చెబుతాను గాని. ముందు ఇంజను ఆపేసి గేర్లన్నీ వేసి చూడాలి. అప్పుడు కూడా పడకపోతే లోపం రాడ్డులోనో, గేరుబాక్సులోనో ఉన్నట్టు. ఇంజను ఆపినప్పుడు మెత్తగా పడి, ఆడుతున్నప్పుడు అరిస్తే మాత్రం క్లచ్చును అనుమానించాలి. పెడలు తొక్కినప్పుడు ఇంజనుకూ గేరుబాక్సుకూ తెగతెంపులు కావాలి. సగమే తెగితే లోపల తిరిగేది తిరుగుతూనే ఉంటుంది, పళ్లు ఒకదానికొకటి కొట్టుకుని కరకరమంటాయి. అంతే విద్య.

ఇంజను ఆపి చూశాను, అన్నీ పడ్డాయి. ఇంజను వేసి చూశాను, అప్పుడూ పడ్డాయి. క్లచ్చు తొక్కి పట్టుకుని కాసేపు ఆగి రివర్సు వేశాను. చప్పుడు లేదు. నందవరం రోడ్డు మీద కొంత దూరం పోయి తిరిగి వచ్చాను. ఆ కారు నన్ను చూసి బుద్ధిమంతుడి వేషం వేసింది. ఏమీ చెయ్యకుండా పంపిస్తే మేస్త్రీ అనరు కాబట్టి, క్లచ్చు వైరు ఒక మెలిక బిగించమని షెడ్డతనికి చెప్పి పంపేశాను.

మరుసటి గురువారం దాటిన తరువాత మళ్లీ వచ్చాడు. అదే చప్పుడు, అదే మధ్యాహ్నం.

ఈసారి నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. పొద్దున బాగుండి మధ్యాహ్నం చెడుతోంది. శివరాత్రి దాటి ఎండలు ముదిరాకే మొదలైంది. అంటే వేడికి గేరు నూనె పలచబడి చెడిపోతోంది. ఈ సిద్ధాంతాన్ని టీకొట్టు దగ్గర చాలామందికి వివరించాను. బుర్ర ఊపనివాడు లేడు. పాత నూనె తీసేసి కొత్తది పోయించాను. పాత నూనెను వేళ్ల మధ్య నలిపి వాసన చూసి, "ఊఁ, ఇదే" అన్నాను. దాంట్లో ఏమీ లేదు. ఇనుప పొడి లేదు, మాడిన వాసన లేదు. నిజానికి అప్పుడే నేను నోరు మూసుకుని మనిషిని నాలుగు మాటలు అడిగి ఉండాల్సింది. బండిని ఎన్ని తిప్పలు పెట్టి అడిగినా, దాన్ని రోజూ తోలే మనిషిని మాత్రం నేనేమీ అడగలేదు.

ఆ గురువారం కూడా గేరు అరిచింది. శుక్రవారం అయ్యవారే ఫోను చేశారు.

అయ్యవారిది దేవుడి సేవలో ఉన్న కుటుంబం. ఆయన మాత్రం బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. జీవితమంతా పిల్లల జవాబులు దిద్దారు. ఆయన దృష్టిలో ఏదైనా తప్పో ఒప్పో కావాలి, మధ్యలో ఉండటానికి వీల్లేదు.

"ఏమయ్యా మేస్త్రీ, బండి నీ దగ్గరికి వచ్చినప్పుడల్లా బాగుందంటావు. ఇక్కడి మెకానిక్కులూ అదే మాట. మరి అతని చేతిలో మధ్యాహ్నానికి ఎందుకు చెడుతోంది? భోజనం చేసి నిద్రమత్తులో నడుపుతున్నాడా, కావాలని చేస్తున్నాడా? బండి మంచిదైతే మనిషిని మార్చుకుంటాను. గేరుబాక్సా, డ్రైవరా, ఒక మాట చెప్పు. వచ్చే గురువారం వరకే చూస్తాను."

"చూసి చెబుతానయ్యా" అని పెట్టేశాను.

ఆ సాయంత్రమే డ్రైవరు బస్సులో వచ్చాడు. కారు లేకుండా అతన్ని చూడటం అదే మొదటిసారి. టీ చెప్పించాను, ముట్టుకోలేదు. టీ మీద మీగడ కట్టేదాకా రోడ్డు మీద పోయే ఆటోలను చూస్తూ కూర్చున్నాడు.

"మేస్త్రీ, గేరుబాక్సు పోయిందని సెప్పు."

"పోలేదు గదప్పా."

"పోలేదని నాకూ తెల్సు. నువ్వు సెప్పేవన్నీ అయినవేనా?"

నేను అతని టీ గ్లాసును పక్కకు జరిపాను. అతడే మళ్లీ అన్నాడు. "దించి, మల్ల ఎక్కించు. దానికి కొన్ని దినాలు పడ్తాది. ఆలోపు వానలొస్తే అన్నీ సల్లబడ్తాయి. అయ్యోరు మర్సిపోతాడు. నాకు కొలువు పోతే యాడికి పోవాల? ఊర్లో ఉండే ఇల్లు పడిపోయిండాది."

ఎన్నో అబద్ధాలు ఎవరూ అడక్కుండానే ఊరికే పంచినవాణ్ని. ఒక మనిషి కావాలని వచ్చి ఒకటి అడిగితే ఇవ్వబుద్ధి కాలేదు. మంచితనం వల్ల కాదు, భయం వల్ల. గేరుబాక్సు దించి ఎక్కించిన తరువాత కూడా అరిస్తే అతని పని ఖాయంగా ముగిసిపోతుంది, నా పేరూ దాంతోపాటే.

ఇంటికి పోయి మా ఆవిడకు చెప్పాను. ఆమె వడియాలు తిరగేస్తూ, నా వైపు చూడకుండా, "ఇన్నాళ్లకు నీ కోతలకు గిరాకీ వచ్చిండాది. ఇంక వద్దంటే ఎట్ల?" అన్నది. కాస్త ఆగి, "పొయ్యి ఆ బండ్లో కూసో. కూసునే పనే గదా నీది" అన్నది.

గురువారం తొలి బస్సుకు ఆదోని పోయాను. కారు అయ్యవారి ఇంటి ముందు కడిగి సిద్ధంగా ఉంది. అమ్మ, అంటే అయ్యవారి భార్య, మడిబట్టల మూటా, తులసిమాలలూ, నైవేద్యం డబ్బా పట్టుకుని బయటికి వచ్చింది. వాళ్లు ఇంట్లో కన్నడం మాట్లాడతారు. నాతో తెలుగు మాట్లాడుతుంటే ఆమెకు మధ్యలో కన్నడం దొర్లుతుంది. ముందుగా నా కాళ్ల వైపే చూసింది.

"చెప్పులు డిక్కీలో పెట్టి ఎక్కప్పా. బండిలో మడి ఉంది."

నావి టైరు చెప్పులు. మెకానిక్కు కాలికి అవే తగినవి. ఇనుప ముక్క తొక్కినా, నూనెలో కాలు పెట్టినా వాటికి లెక్కలేదు. వాటిని డిక్కీలో పెట్టాను. డ్రైవరు చెప్పులు అప్పటికే అక్కడున్నాయి. వాటిని చూశాను కూడా. చూసి డిక్కీ మూసేశాను.

ముందు సీట్లో నేను, వెనక వాళ్లిద్దరూ. ఎమ్మిగనూరు దాకా కారు ఒక్క తప్పు చెయ్యలేదు. పొద్దుటి గాలికి రోడ్డు చల్లగా ఉంది. పత్తి తీసేసిన చేలల్లో ఎండు కట్టెలు మిగిలి ఉన్నాయి. నేను డ్రైవరు చేతినే చూస్తూ కూర్చున్నాను. ఏ చెయ్యి గేరును హింసిస్తుందో, ఏ చెయ్యి బుజ్జగిస్తుందో చూస్తే తెలిసిపోతుంది. అతనిది బుజ్జగించే చెయ్యి. గేరు మార్చేటప్పుడు పిల్లవాణ్ని నిద్రలోంచి పక్కకు జరిపినట్టు జరిపేవాడు. గేరంటే చెయ్యి అనుకుంటాం. నేనూ అంతే అనుకున్నాను. మోకాలు కిందికి నా చూపు పోలేదు.

"ఎట్లుంది మేస్త్రీ?" వెనకనుంచి అయ్యవారు అడిగారు.

"బాగుందయ్యా."

"పొద్దున బాగానే ఉంటుంది" అన్నారాయన.

మంత్రాలయంలో నీడలన్నీ బస్సులు ఆక్రమించాయి. కారును బయలులో ఎండలో పెట్టాల్సి వచ్చింది. వాళ్లు దర్శనానికి పోయారు. డ్రైవరు లోపలికి పోలేదు. అతడు ఆదివారం చర్చికి పోయే మనిషి. ఇద్దరం ఒక దుకాణం చూరు కింద కూర్చున్నాం. నాకు నిద్ర పట్టింది. కొలువు పోబోతున్న మనిషి పక్కన కూర్చుని నిద్రపోయాను. వయసు మనిషిని ఇంత నిర్దయుణ్ని చేస్తుంది. కళ్లు తెరిచేసరికి అతడు అట్లాగే, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఎండలో ఉన్న కారునే చూస్తున్నాడు.

భోజనాలు చేసి వాళ్లు వచ్చేసరికి కారు లోపల గాలి పొయ్యి మీద కాగినట్టుంది. అమ్మ తడి తువ్వాలు పరుచుకుని కూర్చుంది. డ్రైవరు ఇంజను వేసి, క్లచ్చు తొక్కి, రివర్సు వేశాడు.

కరకరమంది.

మళ్లీ వేశాడు. మళ్లీ అరిచింది. పక్కన బస్సు కడిగే అతను తలెత్తి చూశాడు. నేను గేరు రాడ్డు మీద డ్రైవరు చేతి పక్కనే నా అరచెయ్యి పెట్టాను. కళ్లు మూసుకున్నాను. ఏమీ తెలియలేదు. రాడ్డు వణికింది, వేడిగా ఉంది, అంతే. ఇన్నేళ్ల నా అరచెయ్యి ఆ మధ్యాహ్నం నాకు చెప్పింది, వేడిగా ఉందని.

"విన్నావా?" అన్నారు అయ్యవారు. గొంతులో కోపం లేదు, తీర్పు ఉంది. "ఇప్పుడు నువ్వు నడుపు. నీకు గేరు పడితే ఇక మాట్లాడేదేం లేదు."

డ్రైవరు దిగి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. నా వైపు చూశాడు. ఆ చూపు అర్థం కానిదేం కాదు. నాకు గేరు పడిందంటే అతని గదీ, పిల్లల బడీ అక్కడికక్కడే అయిపోయినట్టు. నేను ఇటునుంచి అటు జరిగి కూర్చున్నాను. నాకు గేరు పడుతుందని నాకు తెలుసు. షెడ్డు దగ్గర ఎప్పుడూ పడింది.

ఎడమ కాలు క్లచ్చు మీద పెట్టి తొక్కాను. పెడలుకు రబ్బరు లేదు. అరిగి ఊడిపోయి ఎన్నాళ్లయిందో. షెడ్డులో తొక్కినప్పుడల్లా నా టైరు చెప్పులకు ఆ సంగతి తెలియలేదు. ఇప్పుడు వట్టి కాలికి వట్టి ఇనుము. ఇంజను వేడి ఒకపక్క, ఎండ వేడి ఒకపక్క. దోసె పెనం మీద అరికాలు పెట్టినట్టయింది. పైగా పెడలు అంచు పదునుగా మాంసంలోకి దిగింది. కాలు నా మాట వినకుండా సగంలోనే వెనక్కి వచ్చేసింది. చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ రాడ్డును రివర్సులోకి తోసేసింది.

కారు అరిచిన అరుపుకు దుకాణాల్లోవాళ్లు బయటికి వచ్చి చూశారు. డ్రైవరు చేతిలో ఎప్పుడూ అంతగా అరవలేదు.

నాకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. పొద్దున ఇనుము చల్లగా ఉంటుంది, కాలు పూర్తిగా తొక్కుతుంది. మధ్యాహ్నం కాలు ఓర్చుకోగలిగినంతే తొక్కుతుంది. క్లచ్చు సగమే విడుస్తుంది. షెడ్డుకు ఒక్కడే వచ్చేటప్పుడు డ్రైవరు చెప్పులు వేసుకుని వచ్చేవాడు, మేం నడిపినప్పుడూ చెప్పులతోనే నడిపాం. కాబట్టి జబ్బు మా దగ్గరికి ఎన్నడూ రాలేదు. అది గేరుబాక్సులో లేదు, మనిషిలో లేదు. అమ్మ మడికీ కారు పెడలుకీ మధ్య, అరికాలంత చోటులో ఉంది.

అయినా నేను కారు దిగి, "గేరుబాక్సు దించాల్సిందేనయ్యా" అన్నాను. తెలియక అన్న మాట కాదు. అమ్మ మడిని నలుగురి ముందు తప్పు పట్టడం ఎట్లా? డ్రైవరు అడిగిన అబద్ధాన్ని ఆ సమయానికి అతని చేతిలో పెట్టాను. తరువాత కుళాయి దగ్గర, అమ్మ చెంబుతో నా కాలి మీద నీళ్లు పోస్తున్నప్పుడు, ఆమెకు మాత్రం నెమ్మదిగా అసలు సంగతి చెప్పాను.

ఆమె చెంబు కింద పెట్టి డ్రైవరును పిలిచింది. "నీ కాలు చూపించప్పా."

అతడు చూపించడానికి ఇష్టపడలేదు. వెనక్కి జరిగాడు. ఆమె మళ్లీ అన్నది. అప్పుడు దుకాణం గోడకు చెయ్యి ఆనించి ఎడమ కాలు ఎత్తాడు. అరికాలు మధ్యలో, వేళ్ల కింద, పెడలు అంచు గీసిన గీత నల్లగా ఉంది. దాని చుట్టూ పాత బొబ్బ పగిలి, ఎండి, దాని మీదే కొత్త బొబ్బ లేచి ఉంది.

"ఎన్నాళ్లనుంచి?"

"ఎండలొచ్చినప్పట్నుంచి అమ్మా."

"చెప్పలేదేమప్పా?"

"ఏం సెప్పాల? అందరి కాళ్లూ కాల్తాండాయి గదా. గేరుకూ దీనికీ సంబందం ఉండాదని నాకేం తెల్సు?"

ఆ మాట నిజమే, కాని మొత్తం నిజం కాదు. ఆ ఇంట్లో చెప్పుల సంగతి తాను ఎత్తితే అది చెప్పుల సంగతిగా మిగలదని అతనికి తెలుసు. అయ్యవారింటి మనిషి ఎవరైనా అని ఉంటే అది కాలు నొప్పి. ఆదివారం చర్చికి పోయే మనిషి అంటే అది మడిని కాదనడం. అందుకని కాలు కాల్చుకున్నాడు. ఈ సంగతి మాలో ఎవరూ పైకి అనలేదు. అమ్మ వంగి ఆ కాలిని దగ్గరగా చూసింది.

"మడి నాది. నీ కాలేం పాపం చేసిందప్పా" అన్నది. "సాకు, ఇంక చాలు. ఈ పూటకు నీ చెప్పులేసుకుని నడుపు. ఇంటికి పోయినాక బండి నేనే కడుక్కుంటాను. రేపు కొత్తవి తెచ్చుకో. తోలువి వద్దు, రబ్బరువి. అవి నేల తాకకూడదు. బండిలోనే ఉండాలి."

అయ్యవారు అంతసేపూ దూరంగా నిలబడి విన్నారు. నా దగ్గరికి వచ్చి, "అయితే గేరుబాక్సు?" అన్నారు.

"బాగుందయ్యా."

"డ్రైవరు?"

"బాగున్నాడయ్యా."

రెండూ ఒప్పే అయిన ప్రశ్న ఆయనకు ఎన్నడూ ఎదురు కాలేదేమో, కండువా సర్దుకుని కారెక్కారు.

డ్రైవరు డిక్కీలోంచి చెప్పులు తీసుకుని వేసుకున్నాడు. రివర్సు పడింది, ఫస్టు పడింది, చప్పుడు లేదు. నేను తడి తువ్వాలు కాలికి చుట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాను. ఎమ్మిగనూరులో నన్ను దించుతారనుకున్నాను, నిద్రపోతున్నానని లేపలేదట. ఆదోనిలో మెలకువ వచ్చింది. ఇంటి గేటు దగ్గర అయ్యవారు దిగుతూ, డ్రైవరు వైపు చూడకుండా, "రేపు కోసిగి పోవాలి. పెందలాడే బండి తియ్యి" అన్నారు. అతడు సరేనన్నాడు. నేను కుంటుకుంటూ బస్టాండుకు పోయాను. బస్సులో సీటు దొరకలేదు.

పెడలుకు షెడ్డతను కొత్త రబ్బరు వేశాడు. ఇప్పుడు ఆ కారులో డ్రైవరు సీటు కింద నీలం రంగు రబ్బరు చెప్పులు ఒక జత ఉంటాయి. వాటికి దుమ్మంటే ఏమిటో తెలియదు. డ్రైవరు తలుపు తీసి, బయటి చెప్పులు విడిచి, కాళ్లు దులిపి, సీట్లో కూర్చున్నాక వాటిని తొడుక్కుంటాడు. దిగేటప్పుడు వాటిని లోపలే వదిలి దిగుతాడు. ఆదోనిలో ఇంకో రెండు ఇళ్ల కార్లలో కూడా ఇట్లా కారు చెప్పులు వెలిశాయని విన్నాను. రెండు అంటున్నాను గాని, ఒకటే కావచ్చు.

ఇదంతా రాసి, మొన్న షెడ్డుకు వచ్చినప్పుడు డ్రైవరుకు చదివి వినిపించాను. మా ఆవిడకు వినిపిస్తే మధ్యలో లేచిపోతుంది. అతడు చివరిదాకా విన్నాడు. ఈసారి టీ పూర్తిగా తాగి గ్లాసు బల్ల మీద బోర్లించాడు.

"బాగుండాది మేస్త్రీ. నేను గోడ పట్టుకున్న సంగతి గూడా మర్సిపోలేదు నువ్వు."

"మరి? తప్పులేమన్నా ఉన్నాయా?"

ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగాడు.

"అరుపు సంగతి రాసినావు, బండి అరిసిందని. బండి కంటే ముందర నువ్వు అరిసినావు. అది ఇడిసిపెట్టు. కుళాయి కాడ అమ్మకు అసలు సంగతి సెప్పినానని రాసినావే, ఏం సెప్పినావు? 'మండుతాంది తల్లీ, ఇంగో చెంబు పొయ్యి' అన్నావు. నేను పక్కనే ఉండాను. నీ కాలికి నీళ్లు పోస్తా పోస్తా అమ్మే అనుమానపడి నన్ను పిల్సింది. నా కాలు సూసినాక గూడా నువ్వు గేరుబాక్సు దించాలనే అంటాంటివి. నా కోసరం ఆడిన అబద్ధం గాదు మేస్త్రీ అది. నీకు అప్పటికి తెల్దు."